అర్హత పోటీ అనగానేమి? యువకుల హాకీ నుండి ఒక పాఠము

రేడియోలో ఆటల వార్తలు వినునప్పుడు "అర్హత పోటీ" అను మాట తరచు చెవిని పడును. ఫలానా జట్టు అర్హత పొందినది, ఫలానా జట్టు పొందలేదు అని చెప్పి వార్త ముగియును. మెట్‌పల్లిలో ఒక యింట ఆ వార్త విన్న పిల్లవాడు, "అర్హత పొందుట అనగా కప్పు గెలుచుటయేనా?" అని అడిగినాడనుకొందము. ప్రశ్న చిన్నదే. కాని మన దేశపు హాకీ చరిత్రలో ఒక కష్టకాలమును అర్థము చేసికొనుటకు ఈ ప్రశ్నయే దారి చూపును.

ప్రపంచ పోటీలకు అన్ని దేశముల జట్లను పిలుచుట సాధ్యము కాదు. ఇరువదియొక్క ఏండ్ల లోపు యువకులకై జూనియర్ ప్రపంచ కప్పు పోటీలు 1979లో ఫ్రాన్సు దేశపు వెర్సాయ్ పట్టణమున ప్రారంభమైనవి. 2023లో కౌలాలంపూర్‌లో పదునారు జట్లు ఆడినవి. 2025లో చెన్నై, మధుర నగరములలో ఇరువదినాలుగు జట్లకు చోటు కల్పించిరి. ఒక్కొక్క ఖండమునకు కొన్ని స్థానములు మాత్రమే దక్కును. ఆ స్థానములు ఎవరివో ఖండములోని దేశములు తమలో తాము ఆడి తేల్చుకొనవలెను. ఆసియాలో ఈ పని చేయునది జూనియర్ ఆసియా కప్పు. ప్రపంచ పోటీలకు ఆతిథ్యమిచ్చు దేశమునకు మాత్రము స్థానము ముందే నిశ్చయమై యుండును.

కనుక అర్హత పోటీలో రెండు పందెములు కలవు. ఒకటి కప్పు, రెండవది చోటు. కప్పు ఒక్కరికే దక్కును. చోటు కొందరికి దక్కును. ఫైనలు చేరలేని జట్టుకు కూడ చివరి ఆటలో ఒక గోలు ప్రాణముతో సమానము కావచ్చును. ఆ గోలుతో రెండేండ్ల శ్రమ ఫలించును, లేదా వ్యర్థమగును. ఇరువది ఏండ్ల యువకునకు ఇది మరింత కఠినము. వచ్చే పోటీనాటికి అతని వయస్సు దాటిపోవును.

ఇక 2008వ సంవత్సరమునకు వత్తము. 1928 మొదలు ప్రతి ఒలింపిక్సులోను ఆడి, ఎనిమిది స్వర్ణ పతకములు గెలిచిన భారత పురుషుల జట్టు, ఆ యేటి మార్చిలో చిలీ దేశపు శాంటియాగోలో అర్హత పోటీ ఆడవలసి వచ్చినది. అక్కడ ఉన్నది ఒక్కటే చోటు. ఫైనలులో గ్రేట్ బ్రిటన్ 2-0తో గెలిచినది. ఎనుబది ఏండ్లలో తొలిసారిగా మన హాకీ జట్టు లేకయే ఒలింపిక్సు జరిగినవి. ఏప్రిలు నెలాఖరున భారత ఒలింపిక్ సంఘము హాకీ సమాఖ్యను సస్పెండు చేసినది. మన హాకీ పని ముగిసినదని పలువురు నిట్టూర్చిరి.

ఆ స్థితిలోనే జూలై మాసమున జూనియర్ ఆసియా కప్పు మన హైదరాబాదులో జరిగినది. మూడు ఒలింపిక్సులలో దేశము పక్షమున ఆడిన ముకేశ్ కుమార్‌ను కన్న నగరమది. ఈ పోటీ మరుసటి యేడు మలేసియా, సింగపూరులలో జరుగనున్న జూనియర్ ప్రపంచ కప్పునకు అర్హత పోటీ. ఫైనలులో మన యువకులు దక్షిణ కొరియాపై 3-2తో గెలిచిరి. భారతదేశమునకు జూనియర్ ఆసియా కప్పు దక్కుట అది రెండవసారి. పెద్దల ముందు తలుపు మూసికొనిన నాలుగు నెలలకు పిన్నల ముందు తలుపు తెరచుకొనినది.

ఒక్క విజయముతో అన్నియు చక్కబడలేదు. 2012లో లండను ఒలింపిక్సులో మన జట్టు చిట్టచివరి స్థానమున నిలిచినది. కాని యువకుల పోటీలు తమ పని మానలేదు. 2015లో క్వాంటన్‌లో మనవారు పాకిస్తాన్‌ను 6-2తో ఓడించి మరల జూనియర్ ఆసియా కప్పు గెలిచిరి. ఆ ఫైనలులో నాలుగు గోళ్లు చేసిన హర్మన్‌ప్రీత్ సింగ్, మరుసటి యేడు లక్నోలో బెల్జియముపై 2-1తో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులోను ఉన్నాడు. 2021లో టోక్యోలో మన జట్టు నలుబదియొక్క ఏండ్ల తరువాత ఒలింపిక్ పతకము తెచ్చినప్పుడు అతడును, లక్నో జట్టువారు మరికొందరును అందులో ఆడిరి. 2024లో పారిస్‌లో కాంస్యము గెలిచిన జట్టునకు అతడే నాయకుడు.

ఇక మన ఊళ్ల సంగతి. 1976 మాంట్రియల్ ఒలింపిక్సు నుండి పెద్ద పోటీలు కృత్రిమ పచ్చికపైనే జరుగుచున్నవి. మట్టి నేలపై బంతి ఎగిరిపడును. ఆటగాడు దానిని కర్రతో అదుపు చేసి, తప్పించి, నెమ్మదిగా నడిపించును. తడిపిన కృత్రిమ పచ్చికపై బంతి జారి దూసికొని పోవును; అచట వేగము, దమ్ము కావలెను. బడి మైదానపు మట్టిపై నేర్చిన బాలుడు ఎంత నేర్పరియైనను క్రొత్త నేలపై మరల అభ్యసింపవలసినదే. హైదరాబాదు మెట్‌పల్లికి సుమారు రెండువందల కిలోమీటర్లు. బాలునకు ఆ నేల పదునెనిమిదవ యేట గాక పండ్రెండవ యేటనే అందినచో అతని దారి సగము తగ్గును.

మెట్‌పల్లి ఖద్దరు నేయు ఊరు. పడుగు సరిగా సాగదీయనిదే బట్ట నిలువదని అచటి నేతగాండ్రకు ఒకరు చెప్పనక్కరలేదు. యువకుల పోటీలు హాకీకి పడుగు వంటివి. అర్హత పొందుట అనగా కప్పు గెలుచుట కాదు నాయనా, ఆడుటకు చోటు సంపాదించుకొనుట. ఆ చోటు లేనిదే ఏ కప్పును లేదు.