ఆరు మ్యాచ్‌లు, ఒక్క సీటు

2024 జూన్ 6 రాత్రి మన హాస్టళ్లలో తొందరగా పడుకున్నవాళ్లు తక్కువే. డల్లాస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో అమెరికా పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్లో ఓడించింది. ఆ ఓవర్ వేసిన సౌరభ్ నేత్రావల్కర్ ముంబైలో ఇంజనీరింగ్ చదివి, కార్నెల్‌లో మాస్టర్స్ చేసి, ఒరాకిల్‌లో ఉద్యోగం చేస్తున్నాడన్న సంగతి తిరగని వాట్సాప్ గ్రూపు లేదు. అయితే ఎక్కువమంది పట్టించుకోని ముక్క ఒకటుంది. ఆ వరల్డ్ కప్‌కి అమెరికా క్వాలిఫై అయి రాలేదు. ఆతిథ్య దేశం కాబట్టి సీటు దొరికింది, అంతే. అంతకుముందు మామూలు దారిలో రావాలని చూసి రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

ఆ మామూలు దారి పేరే రీజినల్ క్వాలిఫయర్. ఐసీసీలో వందకు పైగా సభ్య దేశాలున్నాయి. టెస్టులాడే పన్నెండింటిని పక్కనపెడితే మిగతావన్నీ అసోసియేట్లు. 2024లో మొత్తం 20 సీట్లు. అందులో 12 ఆతిథ్యం వల్లో, గత టోర్నీ ఫలితం వల్లో, ర్యాంకు వల్లో నేరుగా నిండిపోయాయి. మిగిలిన ఎనిమిదింటిని ఖండాల వారీగా పంచారు. ఆఫ్రికాకి రెండు, ఆసియాకి రెండు, యూరప్‌కి రెండు, తూర్పు ఆసియా-పసిఫిక్‌కి ఒకటి, అమెరికా ఖండాలకి ఒకటి. ఎంసెట్ కౌన్సెలింగ్ చూసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కాకపోతే ఇక్కడ రెండో విడత కౌన్సెలింగ్ ఉండదు.

ఒకే ఊళ్లో, వారం పది రోజుల్లో, ఐదారు మ్యాచ్‌లు. ఒక్క రోజు బ్యాటింగ్ కుదరకపోతే మళ్లీ రెండేళ్లు ఆగాలి. పెద్ద జట్టుకైనా మినహాయింపు లేదు. 2023 నవంబర్‌లో నమీబియాలో జరిగిన ఆఫ్రికా క్వాలిఫయర్లో జింబాబ్వే, టెస్టు హోదా ఉన్న జింబాబ్వే, ఉగాండా చేతిలో ఓడి మూడో స్థానంలో నిలిచి ఇంటికెళ్లింది. ఉగాండా జీవితంలో మొదటిసారి వరల్డ్ కప్‌కి వెళ్లింది.

ఈ దారిలో మన హైదరాబాద్ మనిషి ఒకాయన ఉన్నాడు. వికెట్ కీపర్ ఇబ్రహీం ఖలీల్. 2011 నవంబర్‌లో గువాహటిలో అస్సాంతో జరిగిన రంజీ మ్యాచ్‌లో 11 క్యాచ్‌లు, 3 స్టంపింగ్‌లు, మొత్తం 14 మందిని వెనక్కి పంపాడు. ఒక ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లో ఏ కీపరూ అప్పటిదాకా అంతమందిని ఔట్ చేయలేదు. పాత రికార్డు 13, అది జింబాబ్వే కీపర్ వేన్ జేమ్స్‌ది. ఇంత చేసినా ఇండియా జెర్సీ రాలేదు. తర్వాత అమెరికా వెళ్లాడు. 2018 సెప్టెంబర్‌లో నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్లో అమెరికా, కెనడా, బెలీజ్, పనామా ఆడిన సబ్ రీజినల్ క్వాలిఫయర్‌కి అమెరికా కెప్టెన్ ఆయనే. అమెరికా, కెనడా తర్వాతి మెట్టుకి వెళ్లాయి.

ఇక్కడే ఒక చిత్రం. అసోసియేట్ దేశాల మగవాళ్ల మ్యాచ్‌లన్నిటికీ అంతర్జాతీయ టీ20 హోదా ఇచ్చింది 2019 జనవరి 1 నుంచి. ఖలీల్ జట్టు ఆడింది దానికి మూడు నెలల ముందు. అంటే ఒక దేశాన్ని వరల్డ్ కప్ దారిలో గెలిపించిన ఆ మ్యాచ్‌లు అంతర్జాతీయ టీ20ల లెక్కలోకే రావు. రికార్డు పుస్తకాన్ని తప్పుపట్టలేం, ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా. కానీ ఈ గీత చాలా దగ్గరగా పడింది.

ఆ తర్వాత పగ్గాలు నేత్రావల్కర్ చేతికొచ్చాయి. 2019 ఆగస్టులో బెర్ముడాలో రీజినల్ ఫైనల్స్. నాలుగు జట్లు, రెండు సీట్లు. కెనడా, బెర్ముడా వెళ్లాయి, అమెరికా మూడోది. 2021లో ఆంటిగ్వాలో గట్టెక్కి, 2022లో జింబాబ్వేలో జరిగిన చివరి క్వాలిఫయర్లో సెమీస్ దాకా వెళ్లింది. ఆ ఒక్క మ్యాచ్ గెలిస్తే వరల్డ్ కప్. నెదర్లాండ్స్ గెలిచింది.

హైదరాబాద్ కుర్రాడు అమెరికాకి ఎలా ఆడతాడని మనవాళ్లు తరచూ అడుగుతారు. ఆ దేశంలో పుట్టాలి, లేదా ఆ దేశ పౌరుడై ఉండాలి, లేదా వరుసగా మూడేళ్లు అక్కడ నివాసం ఉండాలి. మూడింట్లో ఏ ఒక్కటున్నా చాలు. శని, ఆదివారాలు మేడ్చల్ నుంచి షామీర్‌పేట దాకా ఔటర్ పక్కన అద్దె గ్రౌండ్లలో క్రిక్‌హీరోస్‌లో స్కోరు ఎక్కించుకుంటూ ఆడేవాళ్లలో కొందరు రెండేళ్ల తర్వాత ఎమ్మెస్‌కి వెళ్లి, అక్కడి వీకెండ్ లీగుల్లో అదే పని చేస్తుంటారు. అమెరికా జాతీయ జట్టుకి చాలాకాలం ఆటగాళ్లు వచ్చింది ఆ లీగుల నుంచే. అలాగని మనందరికీ ఛాన్సుందని కాదు, ఖలీల్ రంజీలాడి వెళ్లాడు, నేత్రావల్కర్ ఇండియా అండర్-19కి ఆడి వెళ్లాడు.

అమ్మాయిల జట్టులో తెలుగు ఇంటిపేర్లు ఇంకా బాగా వినిపిస్తాయి. కొడాలి, ముళ్లపూడి, భద్రిరాజు. నార్త్ కరోలినాలో పుట్టిన పేస్ బౌలర్ గీతికా కొడాలి 2019 మేలో ఫ్లోరిడాలో అమెరికాల క్వాలిఫయర్‌తోనే అంతర్జాతీయ క్రికెట్లోకి వచ్చింది. ఖండాల క్వాలిఫయర్ అంటాం గానీ ఆ ఏడాది ఆడింది రెండే జట్లు, అమెరికా, కెనడా. 2021 అక్టోబర్‌లో మెక్సికోలో నాలుగు జట్లయ్యాయి. అమెరికా ఒక్క మ్యాచ్ ఓడకుండా ముందుకెళ్లింది. కానీ ఆ టోర్నీలో చెప్పుకోవాల్సింది బ్రెజిల్-కెనడా మ్యాచ్. చివరి ఓవర్లో కెనడాకి 3 పరుగులు కావాలి, చేతిలో 5 వికెట్లు. బ్రెజిల్ బౌలర్ లారా కార్డోసో హ్యాట్రిక్ తీసింది, ఆ ఓవర్లోనే ఐదు వికెట్లూ పడిపోయాయి, బ్రెజిల్ ఒక్క పరుగుతో గెలిచింది. ఏ పెద్ద టీవీ ఛానలూ చూపించలేదు!

ఇన్ని తక్కువ మ్యాచ్‌లుంటే పాయింట్లు సమానమవడం మామూలే. అప్పుడు నెట్ రన్ రేట్ చూస్తారు. టోర్నీ మొత్తంలో మనం ఓవర్‌కి చేసిన పరుగుల్లోంచి ఓవర్‌కి ఇచ్చిన పరుగుల్ని తీసేయడం. మెలిక ఏంటంటే, ఆలౌటైన జట్టు ఎన్ని ఓవర్లాడినా పూర్తి 20 ఓవర్లు ఆడినట్టే లెక్క. మనం 20 ఓవర్లలో 140 కొట్టి, ఎదుటివాళ్లని 15 ఓవర్లలో 100కే ఆలౌట్ చేశామనుకోండి. మన రేటు 7. వాళ్లది 100ని 20తో భాగించాలి, 15తో కాదు, అంటే 5. మనకి ప్లస్ 2. అందుకే ఓడిపోతున్నా చివరి బ్యాటర్ వికెట్ కాపాడుకుంటూ ఒక్కో పరుగూ తీస్తుంటే నవ్వకండి, పాయింట్ల పట్టిక కోసం ఆడుతున్నాడు.

2025 జూలై 11న నెదర్లాండ్స్‌లో యూరప్ క్వాలిఫయర్ ఆఖరి రోజు ఇదే జరిగింది. జెర్సీ అని ఇంగ్లిష్ ఛానల్లో చిన్న దీవి, జనాభా దాదాపు లక్ష. మన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో 2011 లెక్కలకే 24 లక్షలు దాటారు, పోల్చుకోండి. ఆ జెర్సీ ఆఖరి బంతికి, ఒక్క వికెట్ తేడాతో స్కాట్లాండ్‌ని ఓడించింది. తర్వాత ఇటలీ-నెదర్లాండ్స్ మ్యాచ్ ఎలా ముగుస్తుందోనని కాచుకుని కూర్చోవడమే. ఒకప్పటి ఆస్ట్రేలియా టెస్టు ఓపెనర్ జో బర్న్స్ కెప్టెన్‌గా ఉన్న ఇటలీ 134 కొట్టింది. నెదర్లాండ్స్ ఒక్క వికెట్టే పోగొట్టుకుని 16.2 ఓవర్లలో కొట్టేసింది. ఇటలీ చిత్తుగా ఓడింది, కానీ ఆ ఓటమి రావాల్సినంత త్వరగా రాలేదు. రెండు జట్లకీ ఐదేసి పాయింట్లు. ఇటలీ రన్ రేట్ 0.612, జెర్సీది 0.306. ఓడిన జట్టు మైదానంలో ఎగిరి గంతులేసింది, గెలిచి కూర్చున్న జెర్సీ బ్యాగులు సర్దుకుంది.