పట్టణము – పల్లె – పుట్టుగుణము

మొన్న కందకుర్తి రేవున ఒక రైతు నన్నిట్లడిగెను: "మావాడు ఊరనున్నంతకాలము కల్లు ముట్టలేదు. నిజామాబాదు హాస్టలున చేరి యేడాది తిరుగకముందే త్రాగుడు మరగినాడు. మా తండ్రి రక్తమే వీనికి వచ్చినదా? చదువు మాన్పింతునా?"

రక్తమా, సావాసమా యనునది పాత వివాదమే. దీనిని పరీక్షించుటకు శాస్త్రజ్ఞులు కవలలను పోల్చి చూతురు. ఒకే పిండము రెండైన కవలలకు పుట్టుగుణము పూర్తిగా నొకటియే. వేరువేరు పిండముల కవలలకు సగటున సగమే ఉమ్మడి. పెరిగిన ఇల్లు ఇరుతెగలకు నొకటియే. కావున మొదటి తెగవారి పోలిక ఎంత హెచ్చైన, పుట్టుగుణము పాలు అంత హెచ్చని యెంచుదురు.

2001లో ప్రకటింపబడిన ఫిన్లాండు పరిశోధనలో, 16 మొదలు 18 ఏండ్ల ప్రాయమువారి త్రాగుడునందు ఈ పాలు పట్టణములలో హెచ్చుగాను, పల్లెలలో తక్కువగాను తేలినది. పల్లెలలో ఇల్లు, ఇరుగుపొరుగు అను ఉమ్మడి పరిసరముల బలమే మిక్కుటము. అమెరికాలోని మిన్నెసోటా కవలలయందును 2008లో ఇట్టి తీరే ప్రకటింపబడెను. అచ్చట కట్టుబాట్లు మీరు నడవడిని సైతము పరిశీలించిరి.

బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతపడినను చెఱకు సంగతి మనవారెవ్వరును మరువలేదు. నిజాంసాగరు కాలువ క్రింద నీరు, ఎరువు దండిగా నందిన మడిలో రెండు రకముల చెఱకునకు గల భేదము తేటతెల్లమగును. నీరందని మిట్టపై రెండును ఒకే తీరున గిడసబారును. విత్తనము మారలేదు, దాని గుణము బయటపడుటకు చోటు దొరకలేదు, అంతియే. (పల్లెను మిట్టతో పోల్చితినని కోపగింపకుడు.) ఊరిలో పిల్లవాడు ఎవరి కొడుకో దుకాణదారుడును, మేనమామయు, దారినపోవువాడును ఎఱుగుదురు. పట్టణమున వాడు తన స్నేహితులను తానే యేరుకొనును. ఆ యేరుకొనుటలో వాని స్వభావము పనిచేయును.

అయితే ఇవి వేలమందిని కలిపి కట్టిన లెక్కలు. ఒక పిల్లవాని నొసటివ్రాత కాదు. మఱియు పల్లెయన్నంతనే రక్ష యనుకొనరాదు. ఊరి చివర కల్లు దుకాణమున పెద్దలే పిల్లవానికి సీసా అందించుచోట, ఉమ్మడి పరిసరమే వానిని అటు లాగును.

కావున ఆ రైతునకు నేను చదువు మాన్పింపవలదంటిని. ఖర్చుల సొమ్ము నెలకొకసారి గాక వారమునకొకసారి ఇమ్మనియు, పక్షమునకొకమారు పోయి వాని స్నేహితులతో కూర్చుండి అన్నము తినుమనియు, తాత మాట యెత్తి వానిని నిందింపవలదనియు చెప్పితిని. తాత మాట ఇప్పటికే అనివేసినాననుచు అతడు తల దించుకొనెను. వచ్చు ఆదివారము నిజామాబాదు పోవుటకు నిశ్చయించుకొన్నాడు.