పురుగుమందు మన నరాలను ఏం చేస్తుంది?

2020 డిసెంబరు. కోవిడ్ వల్ల మన తెలుగు తరగతులు ఆన్‌లైన్‌లో జరుగుతున్న రోజులు. టీవీల్లో ఏలూరు వార్తలు చూసిన ఒక అమ్మాయి పాఠం అయ్యాక అడిగింది: "మాస్టారూ, మందు పురుగుల్ని చంపడానికి కదా! మనుషులకి ఫిట్స్ ఎందుకొస్తాయి?" నేను డాక్టరుని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. తర్వాత చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఆ నెల 5వ తేదీ నుంచి కొద్ది రోజుల్లోనే ఏలూరులో 600 మందికి పైగా ఉన్నట్టుండి కళ్ళు తిరిగి, మూర్ఛ వచ్చి ఆసుపత్రి పాలయ్యారు. చాలామంది త్వరగానే కోలుకున్నారు. మొదట రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. తర్వాత పురుగుమందుల అవశేషాలే ముఖ్య కారణమని ఎయిమ్స్, నీరి నిపుణులు ప్రభుత్వానికి చెప్పారు. అవి ఒంట్లోకి ఎలా చేరాయన్నది మాత్రం అప్పటికి తేలలేదు.

మన నరాల కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండవు. మధ్యలో సన్నని ఖాళీ ఉంటుంది. కబురు పంపే కణం ఆ ఖాళీలోకి ఎసిటైల్‌కొలీన్ అనే రసాయనాన్ని వదులుతుంది. అవతలి కణం దాన్ని అందుకుని స్పందిస్తుంది. వెంటనే ఒక ఎంజైము వచ్చి ఆ రసాయనాన్ని విరగ్గొడుతుంది. కాలింగ్ బెల్ నొక్కి వేలు తీసినట్టన్నమాట.

మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఆ ఎంజైమును పట్టుకుని పనిచేయనివ్వవు. ఇక బెల్లు ఆగదు. చెమట, చొంగ, కళ్ళలో నీళ్ళు, కండరాల అదురు, ఊపిరాడకపోవడం, ఒక్కోసారి మూర్ఛ. ఎండోసల్ఫాన్ వంటి మందుల దారి వేరు. మెదడులో బ్రేకు లాంటి 'గాబా' సంకేతాన్ని అవి అడ్డుకుంటాయి. పురుగు నరాల్లోనూ ఇవే రసాయనాలు పనిచేస్తాయి. అందుకే దానికి పెట్టిన విషం మనకూ తగులుతుంది.

నా చిన్నప్పుడు మా నాన్నగారు పత్తికి మందు కొట్టి వచ్చి, తల తిరుగుతోందని మంచం మీద వాలిపోయేవారు. "మందు వాసన పడింది" అని మజ్జిగ తాగి పడుకునేవారు. అది వాసన వల్ల కాదని, చర్మం గుండా కూడా మందు ఒంట్లోకి దిగుతుందని మాకెవ్వరికీ తెలియదు.

రియాద్‌లో మనకు పొలాలు లేకపోయినా బొద్దింకల మందులు, నల్లుల మందులు ఉన్నాయి. లేబుల్ లేని సీసా కొనకండి. మందు కొట్టించాక, చెప్పినంత సేపూ పిల్లల్ని ఇంట్లోకి రానివ్వకండి. ఒంటి మీద పడితే బట్టలు విప్పి సబ్బుతో కడగాలి. మింగితే వాంతి చేయించవద్దు. సీసా వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాలి. ఇక్కడ అంబులెన్సుకు 997, ఊళ్ళో అయితే 108. వేళకు వెళితే ఆర్గానోఫాస్ఫేట్ విషానికి అట్రోపిన్ వంటి విరుగుడు ఉంది.

ఈ వారం ఊరికి ఫోను చేసినప్పుడు, పొలంలో మందు కొట్టే మనవాళ్ళకి ఒక్క మాట చెప్పండి: చేతులకి గ్లౌజులు, ముక్కుకి మాస్కు, ఇంటికి రాగానే స్నానం. మా నాన్నగారికి ఆ మాట చెప్పేవాళ్ళు అప్పట్లో లేరు.