ఇ.సి. అనగా ఏమి?

భూసార పరీక్ష పత్రము, పురుగుమందు డబ్బా, భూమి కాగితము - ఈ మూడింటిమీదను ‘ఇ.సి.’ అను అక్షరములు కనిపించును. ఖమ్మం, భద్రాచలం అడవి అంచు గ్రామములలో పత్తి, మిరప వేయు రైతుకు ఈ మూడింటితోను పని ఉండును. ఊరిలో నలుగురు రామయ్యలున్నచో ఇంటిపేరు అడుగుదుము గదా! ఇంగ్లీషు పొడి అక్షరములకును అట్లే ఇంటిపేరు అడుగవలెను.

భూసార పత్రములో ఇ.సి. అనగా విద్యుత్ వాహకత. మట్టిలో కరగిన లవణములెంత ఉన్నవో ఇది తెలుపును. మీటరుకు 1 డెసిసీమెన్ లోపున్నచో పంటకు భయము లేదు. 4 దాటినచో పెక్కు పంటలకు హాని. అంకె పెరిగినకొద్దీ సారము పెరిగినదని భ్రమపడరాదు, పెరిగినది ఉప్పు.

మందు డబ్బాపై ఇ.సి. అనగా నీటిలో కలిపినపుడు పాలవలె తెల్లనగు నూనె మందు. ప్రక్కనున్న అంకె అసలు మందు నూటికెన్ని పాళ్ళో చెప్పును. క్లోరిపైరిఫాస్ 20 ఇ.సి.గాను, 50 ఇ.సి.గాను తయారగును. 20 ఇ.సి.కి చెప్పిన కొలతనే 50 ఇ.సి.లో పోసినచో రెండున్నర రెట్లు మందు పడును. పైరుకు, చల్లువానికి కూడ ముప్పే. ఈ మందులను నిప్పుకు దూరముగా ఉంచవలెను.

భూమి విషయములో ఇ.సి. అనగా ఎన్‌కంబరెన్సు సర్టిఫికేట్. ఆ భూమిపై రిజిస్టరైన క్రయములు, తాకట్టులు ఇందులో కనిపించును. రిజిస్టరు కాని లావాదేవీలు కనిపించవు. ఇ.సి. శుభ్రముగా నున్నదని ఏజన్సీ భూమి కొనుట పొరపాటు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించిరి; దీనినే జనులు ‘1/70’ అందురు. దీని ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములో అమ్మువారు ఎవరైనను, గిరిజనేతరులు భూమి కొనుట చెల్లదు. కొన్నచో సొమ్ము, భూమి రెండును పోవచ్చును.

ఎన్నికల పనికి పోవు గ్రామోద్యోగులకు ఇ.సి. అనగా 1950 జనవరి 25న ఏర్పడిన ఎన్నికల సంఘము.

కావున పొడి అక్షరములు కనిపించగానే మూడు ప్రశ్నలు వేయుడు: ఈ కాగితము ఇచ్చినది ఏ శాఖ? ప్రక్కనున్న అంకె దేనికి కొలత? పూర్తి మాట ఏమి? గ్రామోద్యోగులు కాగితము చేతికిచ్చునపుడే ఆ పూర్తి మాటను తెలుగులో దానిపై వ్రాసి ఇచ్చినచో రైతుకు ఎంతో మేలు చేసినవారగుదురు.