కొరివిదయ్యం నుంచి నీటిపిల్లి దాకా: డెల్టా విద్యార్థుల ఆంగ్ల పదసంపద – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇంగ్లీషులోని వింతజీవుల పేర్లను, ప్రకృతి పదాలను తెలుగు విద్యార్థులు ఎక్కువగా 'ఒక మాటకు ఒక మాట' పద్ధతిలో నేర్చుకుంటారు. పరీక్షలో జతపరచడానికి ఇది చాలు. కానీ ఆ పదం వెనుక ఉన్న ఊహ గాని, ఆ పేరు పుట్టడానికి కారణమైన అనుభవం గాని ఇందువల్ల తెలియదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పదజాలం, కథాసంప్రదాయం ఆధారంగా ఈ పద్ధతిలోని లోపాన్ని చూపి, విద్యార్థికి ముందే తెలిసిన తెలుగు మాటే ఇంగ్లీషు పదానికి సరైన ప్రవేశద్వారమని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: పదసంపద, సమానార్థకం, కొరివిదయ్యం, బేతాళుడు, మడ అడవి, ద్విభాషా బోధన.

1. ఉపోద్ఘాతం:
తెనాలి, బాపట్ల, రేపల్లె కృష్ణా నదికి పశ్చిమాన ఒకే డెల్టాలో ఉన్న పట్టణాలు. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచింది. పాలనాపరంగా విడిపోయినా కాలువలు, వరిచేలు, చిత్తడినేలలు, సముద్రతీరం కలిసిన భౌగోళిక జీవనం మూడింటికీ ఉమ్మడిదే. ఇంగ్లీషు భాషతో ఈ తీరానికి ఉన్న పరిచయం పాతది. ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' 1611లో రేపల్లెకు దిగువనున్న నిజాంపట్నం రేవుకు వచ్చింది. ఐరోపా వర్తకులు ఆ రేవును పెటపోలి అని వ్యవహరించారు.

నాలుగు శతాబ్దాల తరువాత ఆ భాష ఇక్కడి పిల్లలకు బోధనామాధ్యమంగా మారుతున్నది. 2020 తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలకు ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఈ ఏర్పాటు విద్యార్థికి మేలు చేసేదే. అయితే ఎదురెదురు పుటలు ఒక అపోహకు కూడా తావిస్తాయి. ఎడమవైపు మాటకు కుడివైపు మాట అద్దంలో ప్రతిబింబం వంటిదన్నదే ఆ అపోహ. బల్ల, కుర్చీ వంటి వస్తువుల విషయంలో దీనివల్ల పెద్ద నష్టం లేదు. కంటికి కనిపించని జీవుల విషయంలోను, ఒక నేలకే చెందిన జీవుల విషయంలోను నష్టం స్పష్టంగా కనిపిస్తుంది.

2. కొరివి – విస్ప్:
చిత్తడినేలల్లో రాత్రివేళ కనిపించే కదిలే వెలుగును తెలుగువారు కొరివిదయ్యం అన్నారు. ఇంగ్లీషువారు 'విల్-ఓ-ద-విస్ప్' అన్నారు. నిఘంటువులు ఈ రెండింటినీ సమానార్థకాలుగా ఇస్తాయి. ఇక్కడ ఆగిపోతే విద్యార్థికి మిగిలేది పలకడానికి కష్టమైన ఒక పదం మాత్రమే.

పదాన్ని విడదీసి చూస్తే విషయం మారుతుంది. 'విస్ప్' అంటే గడ్డిపోచల చుట్ట. దాన్ని వెలిగించి దివిటీగా వాడేవారు. 'విల్' అనేది విలియం అన్న పేరుకు పొట్టిరూపం. అంటే గడ్డిదివిటీ పట్టుకొన్న విల్ అని అర్థం. తెలుగులో కొరివి అంటే మండుతున్న కట్టె. పరస్పర సంబంధం లేని రెండు జనసమూహాలు ఒకే దృశ్యాన్ని చూసి, చేతిలో నిప్పు పట్టుకొని నడిచే ఒక అదృశ్యవ్యక్తిని ఊహించాయి. ఈ పోలికను గుర్తించిన విద్యార్థికి ఆ పదాన్ని కంఠస్థం చేయవలసిన అవసరం ఉండదు.

పోలిక ఎంత ముఖ్యమో భేదమూ అంతే ముఖ్యం. తెలుగులో కొరివి అనగానే తలకొరివి స్ఫురిస్తుంది. అందువల్ల కొరివిదయ్యం శ్మశానాన్ని, అకాలమరణాన్ని వెంట తెస్తుంది. ఇంగ్లీషు 'విల్' ప్రధానంగా బాటసారిని దారి తప్పించి బురదలోకి లాగే మోసగాడు. కాబట్టే అందని ఆశల వెంట పరుగును ఇంగ్లీషులో ఈ మాటతో సూచిస్తారు. తెలుగులో ఆ అర్థానికి ఎండమావి అన్న మాట ఉంది. అనగా వస్తువు దృష్ట్యా 'విల్-ఓ-ద-విస్ప్' కొరివిదయ్యం, అలంకారం దృష్ట్యా ఎండమావి. ఒక ఇంగ్లీషు పదానికి సందర్భాన్ని బట్టి రెండు తెలుగు పదాలు కావలసి వస్తాయని చెప్పడానికి ఇంతకన్న అనువైన ఉదాహరణ అరుదు.

3. బేతాళుడు వాంపైరా?
తెనాలికి చెందిన చక్రపాణి, బి. నాగిరెడ్డితో కలిసి 1947 జూలైలో మద్రాసు నుంచి 'చందమామ'ను ప్రారంభించారు. తెనాలిలోనే పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించేవరకు ఆ పత్రిక సంపాదకత్వ బాధ్యతలు నిర్వహించారు. తరతరాల తెలుగు పిల్లలకు బేతాళుణ్ణి పరిచయం చేసినది ఈ పత్రికే. బేతాళకథల మూలం సంస్కృత కథాసాహిత్యంలో ఉంది. సోమదేవుని 'కథాసరిత్సాగరం'లో అవి భాగం.

రిచర్డ్ బర్టన్ 1870లో ఈ కథలను ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు తన పుస్తకం పేరులో బేతాళుణ్ణి 'వాంపైర్' అన్నాడు. తూర్పు ఐరోపా జానపద విశ్వాసాల నుంచి పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చిన ఈ మాటకు, సమాధి నుంచి లేచి బతికినవారి రక్తం తాగే శవమని అర్థం. బేతాళుడు శవాన్ని ఆవహించిన భూతం. అతడు రాజు భుజంపై కూర్చొని కథ చెబుతాడు, ధర్మసందేహం అడుగుతాడు, మౌనభంగం కాగానే చెట్టు మీదికి తిరిగిపోతాడు. రాజును అతడు పరీక్షించేది వివేకంతో. శవంతో సంబంధం అన్న ఒక్క లక్షణాన్ని ఆధారం చేసుకొని రెండు జీవులను ఒకటి చేయడం వల్ల బేతాళుని అసలు స్వభావం మరుగున పడింది.

ఈ కలగలుపు ప్రకృతి పదాల్లోకీ పాకింది. రక్తం తాగే 'వాంపైర్' గబ్బిలాలు అమెరికా ఖండాల్లో మాత్రమే ఉంటాయి. మన ఊళ్లలో మర్రిచెట్లకు వేలాడే పెద్ద గబ్బిలాలు పండ్లు తినేవి. 1941లో వెలువడిన గుఱ్ఱం జాషువ 'గబ్బిలం' కావ్యంలో ఆ జీవి దళితుని వేదనను శివునికి చేరవేసే దూత. ఇంగ్లీషు భయానక కథలతో మాత్రమే 'బ్యాట్' అన్న మాటను నేర్చుకొనే విద్యార్థికి తన సాహిత్యంలోని గబ్బిలం పరాయిదవుతుంది.

4. తీరం నేర్పే పదాలు:
కంటికి కనిపించే జీవుల విషయంలో సమస్య మరో రూపంలో ఎదురవుతుంది. సూర్యలంక తీరంలో గుడ్లు పెట్టే 'ఆలివ్ రిడ్లే'ను, నేలమీద తిరిగేదాన్ని కూడా తెలుగు తాబేలు అనే అంటుంది. ఇంగ్లీషు మొదటిదాన్ని 'టర్టిల్' అని, రెండోదాన్ని 'టార్టాయిస్' అని సాధారణంగా వేరుచేస్తుంది. దీన్ని తెలుగు లోపంగా భావించనక్కరలేదు. సముద్రతాబేలు, నేలతాబేలు అని విశేషణం చేర్చి తెలుగు అదే భేదాన్ని చెప్పగలదు.

నిజాంపట్నం పరిసరాల మడ అడవులు మరో పాఠం చెబుతాయి. 'మ్యాంగ్రోవ్' అన్న ఒక్క మాట నేర్చుకొన్న విద్యార్థికి నల్లమడ, తెల్లమడ, తిల్ల అన్న భేదాలు తెలియకపోవచ్చు. తిల్లచెట్టు పాలు కంట్లో పడితే చూపుకు ప్రమాదం. ఇంగ్లీషులో దాన్ని 'బ్లైండింగ్ ట్రీ' అనడంలో ఆ అనుభవమే ఉంది. తీరవాసి హెచ్చరికగా చెప్పే విషయాన్ని ఇంగ్లీషు పేరులోనే దాచుకొంది. కృష్ణా అభయారణ్యపు మడల్లో తిరిగే 'ఫిషింగ్ క్యాట్' చేసే పనిని బట్టి ఆ పేరు పొందింది. దానికి తెలుగులో వాడుకలో ఉన్న నీటిపిల్లి అన్న మాట దాని తావును సూచిస్తుంది. ఒకే జీవిని ఒక భాష పనితో, మరొకటి తావుతో గుర్తించాయని తరగతిలో చెప్పగలిగితే రెండు పదాలూ నిలుస్తాయి, జీవి కూడా మనసులో నిలుస్తుంది.

5. బోధనకు సూచన:
పై పరిశీలన ఆధారంగా పదపట్టికను రెండు నిలువువరుసలకు బదులు నాలుగుగా రూపొందించవచ్చు. మొదటిది ఇంగ్లీషు పదం. రెండోది విద్యార్థి ఇంట్లో, ఊళ్లో విన్న మాట. మూడోది ఆ పేరు పట్టుకొన్న లక్షణం, అంటే రూపం, ధ్వని, పని, తావు, భయం వంటివి. నాలుగోది రెండు మాటల మధ్య భేదం. రెండో వరుసను నింపడానికి విద్యార్థి పెద్దలను, మత్స్యకారులను, రైతులను అడగవలసి వస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం వృత్తిజనుల నోటి మాటల సేకరణతోనే సాధ్యమైంది. కళాశాలల తెలుగు, ఆంగ్ల శాఖలు కలిసి ఈ పనిని చిన్న పరిధిలో చేపట్టవచ్చు.

6. ముగింపు:
వింతజీవుల పేర్లు పిల్లలకు సహజంగానే ఆసక్తి కలిగిస్తాయి. ఆ ఆసక్తిని ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఉపయోగించుకోవడం సమంజసమే. అయితే కొరివిదయ్యం తెలియని విద్యార్థికి 'విల్-ఓ-ద-విస్ప్' వట్టి శబ్దం, తెలిసిన విద్యార్థికి అది పాత పరిచయం. తిల్ల, నీటిపిల్లి వంటి మాటలు వాడుక నుంచి జారిపోతే విద్యార్థి తన ఊరి మడ అడవిని కూడా పరాయి పేర్లతోనే గుర్తించవలసి వస్తుంది. అప్పుడు నష్టపోయేది తెలుగు ఒక్కటే కాదు, ఇంగ్లీషు పదం అర్థవంతంగా నాటుకోవలసిన నేల కూడా పోతుంది. కనుక ఈ ప్రాంతంలో ఆంగ్ల పదబోధన స్థానిక పదసేకరణతో మొదలుకావడం రెండు భాషలకూ శ్రేయస్కరం.