అపాయింట్‌మెంట్ మెసేజ్ వచ్చింది, రిజిస్టర్‌లో మాత్రం పేరు లేదు!

సికింద్రాబాద్ కార్ఖానా మెయిన్ రోడ్డు మీద, తిరుమలగిరి వైపు వెళ్తుంటే రెండు పక్కలా క్లినిక్‌లు, డయాగ్నస్టిక్ సెంటర్‌లు, పళ్ల డాక్టర్ల బోర్డులు కనిపిస్తాయి. అందులో ఒకటి పిల్లల డాక్టర్ క్లినిక్ అనుకుందాం. ఒక తల్లి ఇంట్లో నుంచే ఫోన్‌లో సాయంత్రం 6 గంటల స్లాట్ బుక్ చేసుకుంది. కన్ఫర్మ్ అయినట్టు మెసేజ్ కూడా వచ్చింది. జ్వరంతో ఉన్న బాబును ఎత్తుకుని, ఆటోలో వచ్చి కౌంటర్ దగ్గర నిలబడితే, "మీ పేరు లేదమ్మా, టోకెన్ తీసుకుని కూర్చోండి" అన్నారు. "మెసేజ్ వచ్చింది కదా భాయ్!" అంటే, రిసెప్షన్‌లో కుర్రాడు చూపించింది తన కంప్యూటర్ తెర. అక్కడ ఆ పేరు నిజంగానే లేదు.

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. బుకింగ్ పడింది ఒక చోట, క్లినిక్ చూస్తున్నది ఇంకో చోట. ఆన్‌లైన్ బుకింగ్ పెట్టుకున్న చిన్న క్లినిక్‌లకు, ట్యూషన్ సెంటర్‌లకు, బ్యూటీ పార్లర్‌లకు, పెళ్లిబట్టలు కుట్టే టైలర్లకు ఎదురయ్యే చిక్కు ఇదే.

కాలెండ్లీ, కాల్ డాట్ కామ్ లాంటి బుకింగ్ సాధనాలకు ఏ సమయం ఖాళీగా ఉందో తెలుసు. రోగి ఎవరో, ఇంతకుముందు ఎప్పుడు వచ్చారో, బాకీ ఎంతో తెలియదు. అవి ఉండేది క్లినిక్ డేటాబేస్‌లో. అది పోస్ట్‌గ్రెస్ కావచ్చు, ఎయిర్‌టేబుల్ కావచ్చు, చాలా చోట్ల గూగుల్ షీటే డేటాబేస్. ఈ రెండింటి మధ్య ఒక మనిషి కూర్చుని చూసి రాస్తుంటే, రద్దీ వేళ తప్పు జరగక మానదు. ఆ మనిషి పనిని ఒక ప్రోగ్రామ్‌కు అప్పగించడమే వర్క్‌ఫ్లో ఆటోమేషన్. జేపియర్, మేక్, ఎన్‌ఎయిట్‌ఎన్ ఈ పని చేసే సాధనాలు. 2019లో బెర్లిన్‌లో మొదలైన ఎన్‌ఎయిట్‌ఎన్‌ను సొంత సర్వర్‌లో పెట్టుకుంటే కమ్యూనిటీ ఎడిషన్‌కు లైసెన్స్ ఖర్చు ఉండదు. అందుకే చిన్న ఆఫీసుల వాళ్లు, వాళ్లకు పని చేసిపెట్టే కుర్రాళ్లు దానివైపు మొగ్గు చూపుతున్నారు. కోడ్ పెద్దగా రాకపోయినా, తెర మీద పెట్టెలు పెట్టి గీతలతో కలుపుకుంటూ పోవచ్చు.

కలపడంలో మొదటి పెట్టె వెబ్‌హుక్. బుకింగ్ పడగానే కాలెండ్లీ, ముందుగా ఇచ్చిన ఒక అడ్రస్‌కు "ఇదిగో కొత్త బుకింగ్" అని వివరాలు పంపిస్తుంది. పోస్ట్‌మ్యాన్ వచ్చి తలుపు కొట్టినట్టు అనుకోండి. వెబ్‌హుక్ లేకపోతే ఆటోమేషనే కొన్ని నిమిషాలకోసారి వెళ్లి "ఏమైనా వచ్చాయా?" అని అడగాలి. ఆ మధ్యలో పడిన బుకింగ్ కౌంటర్‌కు ఆలస్యంగా తెలుస్తుంది. (కాలెండ్లీ ఉచిత ప్లాన్‌లో వెబ్‌హుక్‌లు రావు. డబ్బు కట్టే ముందు ఈ సంగతి చూసుకోవాలి.)

ఈ ఆలస్యం ఎంత బాధో 2021లో మన ఇళ్లలో అందరూ చూశారు. ఏప్రిల్ 28న 18 ఏళ్లు దాటినవాళ్లకు కోవిన్‌లో రిజిస్ట్రేషన్ తెరిచాక, స్లాట్ ఉందని అలర్ట్ రావడం, తెరిచి చూస్తే అయిపోయి ఉండడం మామూలైపోయింది. ఆ అలర్ట్‌లు పంపే ప్రోగ్రామ్‌లు కోవిన్ పబ్లిక్ ఏపీఐ నుంచి సమాచారం తీసుకునేవి. రద్దీ పెరిగాక ఆ సమాచారం 30 నిమిషాల వరకు పాతది కావచ్చని కోవిన్ వాళ్లే ప్రకటించారు. 5 నిమిషాల్లో 100 సార్లకు మించి అడగకూడదని పరిమితి కూడా పెట్టారు. అంటే అలర్ట్ అబద్ధం కాదు, అరగంట కిందటి నిజం. చిన్న క్లినిక్ విషయంలోనూ ఇంతే.

వివరాలు వచ్చాక వాటిని డేటాబేస్‌లో సరైన మనిషి పేరు మీద వేయాలి. అసలు కష్టం ఇక్కడే, ముఖ్యంగా మన పేర్లతో. పిల్లాడి ఆధార్‌లో 'మహమ్మద్' ఉంటుంది, స్కూల్ రికార్డులో 'మొహమ్మద్', క్లినిక్ ఫైల్‌లో 'ఎండీ', తల్లి ఫోన్‌లో టైప్ చేసింది 'మొహ్డ్'. 'షేక్' అనే మాట ఒకరికి పేరుకు ముందు, ఇంకొకరికి వెనుక. ఇంగ్లిష్ అక్షరాల్లో దానికి మూడు నాలుగు స్పెల్లింగులు. కంప్యూటర్‌కు ఇవన్నీ వేర్వేరు మనుషులు. పేరుతో వెతికితే ఒకే బాబుకు నాలుగు ఫైళ్లు తయారవుతాయి. ఒక ఫైల్‌లో రాసిన మందు ఎలర్జీ, డాక్టర్ తెరిచిన రెండో ఫైల్‌లో కనిపించదు. ఇది కేవలం క్యూ సమస్య కాదు.

సరే, పేరు వద్దు, ఫోన్ నంబర్‌తో వెతుకుదాం అంటే అదీ పూర్తిగా పనికిరాదు. చాలా ఇళ్లలో అబ్బా నంబర్ ఒక్కటే. అమ్మీ, ముగ్గురు పిల్లలు, నానమ్మ అందరూ ఆ నంబర్ మీదే నమోదు. పైగా ఒకరు +91తో, ఒకరు ముందు సున్నాతో, ఒకరు మధ్యలో ఖాళీ వదిలి రాస్తారు. అందుకే ఆటోమేషన్‌లో ముందు నంబర్‌ను శుభ్రం చేసి చివరి 10 అంకెలు మాత్రమే ఉంచాలి. తర్వాత ఆ నంబర్ మీద ఎంతమంది ఉన్నారో చూడాలి. ఒక్కరే ఉండి, పుట్టిన తేదీ కూడా కలిస్తే సరే. ఎక్కువమంది ఉంటే పుట్టిన తేదీతో ఎవరో తేల్చుకోవాలి. కవలలైతే అదీ తేలదు. అప్పుడు ప్రోగ్రామ్ ఊహించకూడదు, రిసెప్షన్‌కు "ఎవరో అడిగి చూడండి" అని వదిలేయాలి. అన్నిటికన్నా మంచిది, క్లినిక్ ఇచ్చిన పేషెంట్ నంబర్‌ను బుకింగ్ ఫారంలోనే ఒక ప్రశ్నగా అడగడం.

దేశం మొత్తం మీద ఇదే చిక్కును విప్పడానికి వచ్చింది 14 అంకెల ఆభా నంబర్. 2021 సెప్టెంబర్ 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటా ప్రారంభించారు. దాని 'స్కాన్ అండ్ షేర్' ఉన్న ఆసుపత్రిలో ఓపీ కౌంటర్ దగ్గరి క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే, రోగి పేరు, వయసు వగైరా ఆసుపత్రి సిస్టమ్‌లోకి నేరుగా వెళ్లి టోకెన్ వస్తుంది. కౌంటర్‌లో ఎవరూ పేరు టైప్ చేయరు, కాబట్టి స్పెల్లింగ్ తప్పే అవకాశం లేదు.

టైమ్ సంగతి కూడా చూడాలి. బుకింగ్ సాధనాలు వెబ్‌హుక్‌లో పంపే సమయం సాధారణంగా యూటీసీ, మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనుక. సాయంత్రం 6 గంటల బుకింగ్ అక్కడ 12:30గా వస్తుంది. మార్చకుండా షీట్‌లో పడేస్తే, రిసెప్షన్ కుర్రాడు ఆ పేరును మధ్యాహ్నం జాబితాలో చూసి 'రాలేదు' అని కొట్టేస్తాడు. మొదట చెప్పుకున్న తల్లి పేరు సాయంత్రం జాబితాలో లేకపోవడానికి ఇదొక్కటే కారణమైనా ఆశ్చర్యం లేదు.

ఇంకో పొరపాటు, సమయం మార్చుకున్నప్పుడు జరుగుతుంది. కాలెండ్లీలో రోగి సమయం మార్చుకుంటే రెండు కబుర్లు వస్తాయి: పాతది రద్దు, కొత్తది నమోదు. ఆటోమేషన్‌ను అమాయకంగా కడితే తల్లికి ముందు "మీ అపాయింట్‌మెంట్ రద్దయింది" అని మెసేజ్ వెళ్తుంది. ఆమె కంగారుపడి ఫోన్ చేస్తుంది. రద్దు కబురులోనే ఇది మార్పు వల్ల వచ్చిందా అని చెప్పే గుర్తు ఉంటుంది, అది చూసి ఆ మెసేజ్ ఆపాలి. ఒకే కబురు రెండుసార్లు వచ్చినా రెండు వరుసలు పడకుండా, బుకింగ్ నంబర్‌తో వెతికి ఉంటే సరిదిద్దు, లేకుంటే కొత్తది రాయి అని చెప్పాలి. డేటాబేస్‌లోనే 'ఒక డాక్టర్‌కు ఒక సమయంలో ఒక్కరే' అని నియమం పెడితే, మిగతావి తప్పినా ఇద్దరికి ఒకే స్లాట్ పడదు.

ఇవన్నీ బుకింగ్ నుంచి క్లినిక్‌కు వచ్చే దారి. తిరుగు దారి కూడా కావాలి. నేరుగా నడిచి వచ్చిన రోగికి రిసెప్షన్ 6:15 ఇస్తే, ఆ సమయం ఆన్‌లైన్‌లో మాయం కావాలి. ఆటోమేషన్ ఆ వేళను డాక్టర్ గూగుల్ క్యాలెండర్‌లో 'బిజీ' అని పెడితే, దానికి కలిపి ఉన్న బుకింగ్ పేజీ ఆ స్లాట్ చూపించదు. జుమా రోజు మధ్యాహ్నం, రంజాన్‌లో ఇఫ్తార్ వేళ కూడా ఇలాగే మూసేయవచ్చు. మగ్రిబ్ సమయం రోజూ కాస్త కాస్త జరుగుతుంది కాబట్టి నెల మొత్తానికి ఒకే గంట పెట్టకుండా, టైమ్‌టేబుల్‌ను షీట్‌లో వేసి అక్కడి నుంచి తీసుకోవడం మేలు. ఈద్ మాత్రం ఏ ప్రోగ్రామ్‌కూ ముందు తెలియదు. చంద్రుడు కనబడే దాకా ఆగాల్సిందే. అనుమానం ఉన్న రెండు రోజులూ మూసి ఉంచి, రూఢి అయ్యాక ఒకటి తెరవాలి.

గుర్తుచేసే మెసేజ్‌ల దగ్గర కూడా నియమాలున్నాయి. వాట్సాప్ ద్వారా క్లినిక్ తనంతట తాను పంపే మెసేజ్ నమూనాకు మెటా అనుమతి ముందే తీసుకోవాలి. ఎస్‌ఎంఎస్ అయితే ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ కావాలి. మెసేజ్‌లో జబ్బు పేరు రాయకూడదు. ఇంట్లో ఫోన్ ఒక్కటే అయినప్పుడు, కోడలు గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లే సంగతి మామయ్య తెర మీద కనిపించకూడదు కదా. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా అవసరమైనంత సమాచారమే తీసుకోమంటోంది. డేటాబేస్ పాస్‌వర్డ్‌ను ఆటోమేషన్‌కు ఇచ్చేటప్పుడు, అపాయింట్‌మెంట్ల పట్టిక వరకే అనుమతి ఉన్న వేరే ఖాతా ఇవ్వాలి, మొత్తం తాళంచెవి కాదు.

నెట్ పోతుంది, సర్వర్ ఆగుతుంది. ఎన్‌ఎయిట్‌ఎన్‌లో తప్పు జరిగినప్పుడు నడిచే వేరే వర్క్‌ఫ్లో పెట్టుకునే వీలుంది, అది ఎవరి ఫోన్‌కైనా కబురు పంపాలి. దానితోపాటు రోజూ రాత్రి బుకింగ్ పేజీలో రేపటికి ఎన్ని ఉన్నాయి, డేటాబేస్‌లో ఎన్ని ఉన్నాయి అని లెక్క కలిపి చూసే చిన్న పని కూడా పెట్టాలి. 23కు 22 ఉంటే, ఆ ఒక్క పేరేదో అప్పుడే తేలుతుంది. పొద్దున్నే ఆ ఇంటికి ఒక ఫోన్ కొడితే, తల్లి కౌంటర్ దగ్గర వాదించాల్సిన పని ఉండదు.