బోణీ అయ్యాక తీసే ఫొటోలు

లెనిన్ సెంటర్ అనగానే విజయవాడ వాళ్లకు ముందు గుర్తొచ్చేవి పాత పుస్తకాలు. ఇంజనీరింగ్ పుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు, అట్టలు ఊడిన నవలలు, పాత చందమామలు గుట్టలుగా పేర్చి ఉంటాయి. అక్కణ్నుంచి నడిచి వెళ్లేంత దూరంలో బీసెంట్ రోడ్డు. అనీబిసెంట్ పేరు పెట్టుకున్న ఆ వీధి నిండా తోపుడు బండ్లు, నేల మీద పరిచిన సరుకు. సెలవు రోజు పొద్దున్నే కెమెరా మెడలో వేసుకుని ఇలాంటి చోట్ల తిరిగేవాళ్లలో ఎక్కువమంది ముఖాల కోసం వెతుకుతారు. ముడతలు పడ్డ ముఖం, బీడీ పొగ, ఎర్ర తలపాగా. అలాంటి ఫొటోలు ఇప్పటికే కొల్లలుగా ఉన్నాయి. అమ్మకానికి పెట్టిన పాత వస్తువుల వైపు మాత్రం కెమెరా తిరగడం తక్కువ.

బైండు చేసిన సీరియల్‌నే తీసుకోండి. వారపత్రికలో వచ్చిన పేజీలను వారం వారం చించి, వరుసపెట్టి, కుట్టించి దాచుకోవడం ఒకప్పుడు తెలుగిళ్లలో మామూలే. వాటిలో కథ ఒక ఎత్తు, ఆ పేజీల వెనక అనుకోకుండా మిగిలినవి ఒక ఎత్తు: సగంలో తెగిన వంటల శీర్షిక, సబ్బు ప్రకటన, ఎవరికో ఇచ్చిన జవాబు. లోపలి అట్ట మీద ఒక్కోసారి అద్దె లైబ్రరీ ముద్ర, ఆ పక్కనే పెన్సిల్‌తో రాసిన రోజు అద్దె. స్వాతి మాసపత్రిక 1970లో, వారపత్రిక 1984లో ఈ ఊరి నుంచే వచ్చాయి. విశాలాంధ్ర, నవోదయ లాంటి ప్రచురణ సంస్థలు పేరు తెచ్చుకున్నదీ ఇక్కడే. 1989లో మొదలైన పుస్తక మహోత్సవానికి జనవరి వస్తే జనం ఇప్పటికీ కదిలి వస్తారు. ఇంత అచ్చు నడిచిన ఊళ్లో పాత పుస్తకాల అట్ట వెనక రాతలు తీసి పెట్టుకుంటే, ఎవరు ఏం చదివారో చెప్పే చరిత్ర కొంతైనా మిగులుతుంది.

పాత సామాన్ల దగ్గరికి వెళితే అక్కడా పేర్లే. బిందె, చెంబు, గంగాళం, పళ్లెం, ఏది కొన్నా దాని మీద పేరు వేయించడం మన ఇళ్లలో ఆనవాయితీ. పెళ్లికి చదివించినవాళ్ల పేరు, ఇంటిపేరు పొడి అక్షరాలు, కొన్నిటి మీద ఊరు, తేదీ కూడా ఉంటాయి. చుక్క పక్కన చుక్కగా కొట్టిన ఆ అక్షరాలు మరచెంబు మెడ చుట్టూ ఒంపు తిరిగి, చోటు చాలక చివర్లో ఇరుకవుతాయి. ఉమ్మడి ఇల్లు పంచుకున్నప్పుడో, ఊరు వదిలి వెళ్లినప్పుడో ఇవి బజారుకు వస్తాయి. ఇత్తడిని కిలోల లెక్కన తూచి కొనేవాళ్లకు ఆ రాతతో పని లేదు, అది కరిగిపోతుంది. అందుకే దాన్ని ముందే ఫొటో తీయాలి. మిట్టమధ్యాహ్నం తీస్తే మెరుపు తప్ప అక్షరం కనబడదు. పొద్దున ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు చెంబును కొద్దిగా పక్కకు తిప్పితే చుక్కల లోపల నీడ నిలిచి పేరు చక్కగా చదవొస్తుంది. దీనికి ఖరీదైన లెన్సు అక్కర్లేదు. ఫోను చాలు, దాని అద్దం శుభ్రంగా తుడిస్తే.

ఆ కుప్పల్లో అప్పుడప్పుడు కెమెరాలే దొరుకుతాయి. మధ్యతరగతి ఇళ్లలో ఒకప్పుడు బాగా కనిపించిన ఆగ్‌ఫా క్లిక్-3 అలాంటిదే. 120 ఫిల్మ్ రోలు వేస్తే పన్నెండు చదరపు ఫొటోలు వచ్చేవి, అంతే. పన్నెండే కాబట్టి మీట నొక్కేముందు ఇంటిల్లిపాదినీ కూడగట్టేవాళ్లు.

ఇక మర్యాద సంగతి. బోణీ కాకముందు కెమెరా తీయకూడదు. తొలిబేరం కోసం ఎదురుచూసే మనిషి ముందు నిలబడి, సరుకంతా కెలికి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతే ఆయనకు కోపం రావడం న్యాయమే. ఏదో ఒకటి కొని, బేరం మరీ గీసి గీసి ఆడకుండా, “అన్నా, ఈ చెంబు ఒక ఫొటో తీసుకోనా?” అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. పైగా ఆ చెంబు ఎక్కణ్నుంచి వచ్చిందో వాళ్లే చెబుతారు. తర్వాతి వారం ఒక ప్రింటు తీసుకెళ్లి ఇస్తే పరిచయం నిలబడుతుంది. పాత ఉత్తరాలు, పాస్‌బుక్కులు, ఎవరివో పెళ్లి ఫొటోలు మాత్రం కనబడిందే తడవుగా వాట్సాప్‌లో పెట్టేవి కావు. అవి ఎవరి ఇంటివో వాళ్లకే చెందుతాయి.

బరకం కింద తీసేవాళ్లకు రంగుతో తంటా. నీలం పట్టా కింద ఇత్తడి కూడా పాలిపోయినట్టు వస్తుంది. వస్తువును పట్టా అంచు దాకా జరపమని అడగడం అన్నిటికన్నా తేలిక, లేదంటే నలుపు తెలుపులో తీసుకోవచ్చు. కృష్ణా తీరంలో ఎండాకాలం తొమ్మిది దాటితే ఎలాగూ నిలబడలేరు.

పారిస్‌లో ఫొటోగ్రాఫర్ యూజీన్ అట్జే చేసింది ఇలాంటి పనే. 1927లో చనిపోయేదాకా ఆయన దశాబ్దాల తరబడి పాత వీధులు, దుకాణాల కిటికీలు, చిత్తుకాగితాలు ఏరేవాళ్ల బండ్లు ఓపిగ్గా తీస్తూ పోయాడు. చాలావాటికి చోటు పేరు రాసిపెట్టాడు. ఆ పారిస్‌లో చాలా భాగం ఇప్పుడు లేకపోయినా ఎక్కడ ఏముండేదో ఆయన ఫొటోలను బట్టి చెప్పగలుగుతున్నారు.

మన బజార్లూ స్థిరం కావు. హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారుకు, జుమేరాత్ బజారుకు ఎంత పేరున్నా అవి కాలిబాటనో ఖాళీ స్థలాన్నో నమ్ముకున్నవే. ఢిల్లీ దరియాగంజ్ ఆదివారం పుస్తకాల బజారును 2019లో కాలిబాట మీద నుంచి ఎత్తేశారు. తర్వాత మహిళా హాట్‌కు మార్చారు. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, యాభై ఏళ్లకు పైగా వీధి వ్యాపారం సాగిన సహజ బజార్లను వారసత్వ బజార్లుగా ప్రకటించాలి, అక్కడి వ్యాపారులను కదిలించకూడదు. యాభై ఏళ్లుగా ఉన్నామని వీధిలో అమ్ముకునేవాళ్లు ఏ కాగితం చూపిస్తారు? అద్దె రసీదు ఉండదు, కరెంటు బిల్లు ఉండదు. వెనకున్న దుకాణం బోర్డుతో సహా, తేదీ రాసి పెట్టిన ఫొటో అప్పుడు వాళ్లకు అక్కరకు రావచ్చు. అందుకని దగ్గరగా తీసిన ప్రతి చెంబుకూ తోడు నాలుగడుగులు వెనక్కి వేసి వీధి మొత్తం కనబడేలా ఇంకొకటి తీయాలి. ఇంటికెళ్లగానే తేదీ, సెంటర్ పేరు, అడిగిన ధర, ఇచ్చిన ధర రాసుకోవాలి. అమ్మిన మనిషి ఒప్పుకుంటే, ఎన్నేళ్లుగా అక్కడ కూర్చుంటున్నారో అదీ రాయాలి.